చాకలి గుర్తు అనుకున్నాను

మా కొట్లో పలకరింపు కంటే కత్తెర ముందు. విజయవాడ వన్ టౌన్‌లో మాది మ్యాచింగ్ కొట్టు. చీర తెచ్చి చూపిస్తే దానికి సరిపడే జాకెట్టు గుడ్డ, లంగా గుడ్డ ఇస్తాం. ఉన్న థానుల్లో రంగు కుదరకపోతే చీర కొస నుంచి చిన్న ముక్క కత్తిరించి మంగళగిరిలో రంగులద్దే ఆయనకు పంపిస్తాం. వారంలో అదే రంగు గుడ్డ వస్తుంది.

ఆ ముక్క కత్తిరించడానికి మా అబ్బా, అంటే మా నాన్న, నాకు రెండు సూత్రాలు నేర్పాడు. ఒకటి, అడక్కూడదు. "అడిగితే వద్దంటారు. కత్తిరించేస్తే నవ్వి ఊరుకుంటారు" అనేవాడు. రెండు, చాకలి గుర్తున్న మూల చూసి కత్తిరించాలి. చుక్కలో, గీతలో, ఇంటూ మార్కో, నల్లజీడి రసంతోనో రంగు దారంతోనో పెట్టిన గుర్తు ఏ బట్టకైనా ఓ మూల ఉంటుంది. నూరిళ్ళ బట్టలు కలిపి ఉతికినా ఎవరివి వాళ్ళకి చేరేది ఆ గుర్తుతోనే. గుర్తు పడ్డ మూల ఎలాగూ ఎవరూ చూసుకోరు, అది పోతే ఏడవరు.

ఈ రెండు సూత్రాలతో పదిహేనేళ్ళు కత్తెర ఆడించాను. మాట కలపడం, ఆ మాటలో వాళ్ళుండగా ముక్క తీసేయడం నాకు వెన్నతో పెట్టిన విద్య. కరివేపాకు కొన్నా కొత్తిమీర కొసరు లేకుండా కదలని మనిషిని. నన్ను చూస్తే ఆటోవాళ్ళు మీటరు వేసేవాళ్ళంటే ఇక చెప్పేదేముంది.

మా ఇంట్లో మాట ఉర్దూ, బజార్లో తెలుగు. అమ్మీకి ఉర్దూ అక్షరాలు తప్ప ఇంకేవీ రావు. నేను తెలుగు మీడియం. ఎనభైల చివర్లో, నేను హైస్కూల్లో ఉండగా, అమ్మీ తన చెల్లెలి కాన్పుకని బందరు వెళ్ళి మూడు నెలలు ఉండిపోయింది. నేను ఉర్దూ మాటల్నే తెలుగు అక్షరాల్లో పెట్టి ఉత్తరం రాశాను. అక్కడ పక్కింటావిడకు తెలుగు చదవడం వచ్చు, ఉర్దూ ఒక్క ముక్క రాదు. ఆవిడ అరుగు మీద కూర్చుని ఎక్కాలు అప్పజెప్పినట్టు గట్టిగా చదివిందట. అమ్మీ విని, నవ్వి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదవమందట. "ఏముంది వదినా ఇందులో?" అని ఆవిడ అడిగితే, "చదివింది నువ్వేగా, నన్నడుగుతావేంటి?" అందట అమ్మీ.

తిరిగి రాగానే అమ్మీ నన్ను మసీదు సందులో ఉర్దూ ట్యూషన్‌లో పడేసింది. విడివిడిగా అక్షరాలు వచ్చాయి. అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఆకారాలు మార్చుకునే చోటికి వచ్చేసరికి జ్వరం వచ్చింది, తర్వాత పరీక్షలు వచ్చాయి, ఆ తర్వాత నేను వెళ్ళలేదు. "వచ్చేసిందా?" అని అమ్మీ అడిగితే వచ్చేసిందన్నాను.

ఆ అబద్ధం అక్కడితో పోలేదు. అమ్మీ మధ్యాహ్నం క్యారియర్ పైగిన్నె మూతకింద అబ్బాకి ఓ చీటీ పెట్టేది. అబ్బా అన్నం కంటే ముందు చీటీ చదివేవాడు. పెరుగు పులిసిందనో, సాయంత్రం పెందరాళే రమ్మనో ఉండేది కాబోలు. అబ్బా పోయాక కొట్టు నాకొచ్చింది. క్యారియర్ నాకొచ్చింది. చీటీ కూడా నాకే రావడం మొదలుపెట్టింది. ఇంటికి వెళ్ళగానే అమ్మీ అడిగేది, "చీటీ చూశావా?" "చూశానమ్మీ." చీటీ తీసుకెళ్ళి కత్తెర సొరుగులో వేసేదాన్ని. ముప్ఫై దాటిన మనిషిని, పది కొట్లకు పెద్దదిక్కులా మాట్లాడేదాన్ని, అమ్మ రాసిన రెండు ముక్కలు చదవలేనని ఎవరి ముందు ఒప్పుకోను?

ఇలా ఉండగా, రెండువేల ఏడో ఎనిమిదో, ఓ శుక్రవారం నమాజు అయ్యాక ఒక పొడుగాటి మనిషి కొట్లోకి వచ్చాడు. ఆఫ్రికాలో నైజర్ దేశం నుంచి వచ్చి గుంటూరు రోడ్డు మీద ఒక కాలేజీలో చదువుకుంటున్నాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. తలకీ మెడకీ చుట్టుకున్న నీలం గుడ్డ రంగు నుదుటి మీద కాస్త దిగింది. ఆయన ఇంగ్లీషు ఫ్రెంచి లోంచి నడిచొచ్చింది, నాది వన్ టౌన్‌లో పుట్టింది. అయినా ఇద్దరికీ సలాములు వచ్చు, బేరం వచ్చు. హాస్టల్లో స్నేహితులు ఆయనకు మూడు తెలుగు మాటలు నేర్పారు: అక్కా, ఎంత, అబ్బో.

ఆయన తలపాగా విప్పాడు. ఎనిమిది మీటర్లు ఉంటుంది. పల్చటి నూలు, నడిమధ్య చిరుగు పట్టింది. అచ్చం ఇలాంటి నీలంలో కొత్తది కావాలన్నాడు.

"అద్దించాలి. వారం పడుతుంది" అని ధర చెప్పాను.

"అబ్బో!"

"అబ్బో అంటే తగ్గదు తమ్ముడూ. ఇది మామూలు నీలం కాదు."

"మాది మామూలు నీలమే అక్కా. మీ దగ్గరికి వచ్చాకే మామూలు కాకుండా పోయింది."

నాకు ముచ్చటేసింది. టీ తెప్పించాను. వాళ్ళ వైపు బేరానికి మూడు గ్లాసుల టీ తాగాలట, మూడోది తాగేలోపు లేచిపోతే అవమానమట. "అయితే నీకు ఒక్క గ్లాసే" అన్నాను. నవ్వాడు. ఆ నవ్వులోనే నేను క్యాలిక్యులేటర్ ఆయన ముందుకు తోసి, "నీ ధర నువ్వే నొక్కు" అన్నాను. ఆయన తల వంచి నొక్కుతున్నాడు. నా ఎడమ చెయ్యి గుడ్డ కొస వెతికింది. మూలలో తెల్లదారంతో కుట్టిన చుక్కలు, నిలువు గీతలు, ఒక కూడిక గుర్తు, ఒక సున్నా. నాలుగు వేళ్ళ పొడవు. హాస్టల్ చాకలి కాస్త ఓపికున్నవాడే అనుకున్నాను. ఆ మూల మొత్తం కత్తిరించి బల్లకింద డబ్బాలో వేశాను. గుడ్డను మడత పెట్టి చేతికిచ్చాను. బేరం కుదిరింది. సాయంత్రం బస్సులో ముక్క మంగళగిరి వెళ్ళిపోయింది.

మర్నాడు కొట్టు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తలపాగా చుట్టుకోలేదు, చంకలో ఉంది.

"అక్కా, నిన్న ఇక్కడ ఈ మూల ఉంది. ఇప్పుడు లేదు."

నా నోట్లోంచి ఏమాత్రం ఆలస్యం లేకుండా వచ్చింది: "హాస్టల్లో ఎలుకలేమన్నా ఉన్నాయా?"

ఆయన తెగిన అంచు మీద వేలు పెట్టి ఆ చివరి నుంచి ఈ చివరికి జరిపాడు. "ఎలుక ఇంత తిన్నగా కొరకదక్కా."

నేను సొరుగులో ఏదో వెతుక్కుంటున్నట్టు నటించాను. ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులువయ్యేది. కేకలేసేవాళ్ళను సర్దడం నాకు వచ్చు.

"అది మా అమ్మ రాసింది" అన్నాడు.

"రాసిందా? అది... చాకలి గుర్తు కదూ?"

చాకలి గుర్తంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది. శ్రద్ధగా విన్నాడు. అప్పుడు చెప్పాడు, అవి అక్షరాలని. వాళ్ళది తువారెగ్ జాతి, మాట తమాజక్, ఆ రాతను తిఫినాగ్ అంటారట. నేను కత్తిరించానని ఒప్పుకున్నాను. ఒప్పుకున్న మరుక్షణం అలవాటు చొప్పున పరిహారంలోకి దిగాను.

"గుడ్డ ఊరికే ఇస్తాను. ఎనిమిది కాదు, పది మీటర్లు. అద్దకం కూడా నాదే."

"నేను బేరం ఆడటం లేదక్కా."

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట నాతో అన్నవాళ్ళు లేరు. తెరిచిన షట్టర్ మళ్ళీ దించాను. ఇద్దరం మంగళగిరి బస్సెక్కాం.

బస్సు కృష్ణా వారధి దాటింది. తర్వాత నేనే అడిగాను, అమ్మ ఏం రాసిందని.

"తెలియదు" అన్నాడు.

వాళ్ళలో ఆ అక్షరాలు బళ్ళో నేర్పరట. తల్లి ఇసుకలో వేలితో గీసి నేర్పుతుంది, పిల్లలు చెరిపి మళ్ళీ గీస్తారు. ఈయనకు ఆరేళ్ళప్పుడు చదువుకని పట్నంలో మామయ్య ఇంటికి పంపేశారు. బళ్ళో ఫ్రెంచి అక్షరాలు వచ్చాయి. ఖురాను కోసం అరబ్బీ వచ్చింది. సొంత మాట రాయాల్సి వస్తే ఫ్రెంచి అక్షరాల్లోనే రాసుకుంటాడు. అమ్మ ఇసుకలో నేర్పినవి తన పేరు దాకా వచ్చి ఆగిపోయాయి.

"మరి ఆవిడకు నీకు చదవడం రాదని తెలియదా?"

"వచ్చేసిందని చెప్పాను."

నేను కిటికీ లోంచి బయటికి చూశాను.

ఇండియా వచ్చేటప్పుడు, విమానానికి ముందు రోజు, ఆవిడ ఈ తలపాగా ఇచ్చిందట. అందులో కుట్టిన సంగతి ఇక్కడికి వచ్చి విప్పాకే చూశాడు. "అప్పుడే ఎవరినైనా అడగాల్సింది. కనీసం కాగితం మీదకు ఎక్కించుకోవాల్సింది" అన్నాన్నేను, తప్పులో కాస్త వాటా ఆయనకూ పంచుదామని.

"తల మీద ఉన్నది ఎక్కడికి పోతుందనుకున్నాను."

ఇప్పుడు వాళ్ళ ఎడారి వైపు గొడవలు. మూడు నెలలుగా ఎస్టీడీ బూతు నుంచి చేస్తుంటే మామయ్య ఫోను మోగడమే లేదు. అమ్మ వాళ్ళు డేరాలు ఎత్తేసి ఎటు పోయారో తెలియదు. అసలు ఉన్నారో లేదో కూడా తెలియదు. "అమ్మ నాకు చెప్పింది నా దగ్గర అదొక్కటే ఉంది" అన్నాడు. బస్సు టిక్కెట్టు వెనక తన పేరు ఆ అక్షరాల్లో రాసి చూపించాడు. నాలుగు గుర్తులు. మా వీధి చాకలి నాలుగిళ్ళ గుర్తులు పక్కపక్కన పెట్టినట్టే ఉంది.

రంగులద్దే ఆయన అబ్బాకి స్నేహితుడు. నేను బాబాయ్ గారూ అంటాను. మోచేతుల దాకా ఆకుపచ్చ రంగుతో బయటికి వచ్చాడు.

"ఏవమ్మా, నువ్వే వచ్చావ్? ముక్క నిన్ననేగా పంపించావ్, అంత తొందరేంటి?"

"బాబాయ్ గారూ, ఆ ముక్క ఏది?"

"ఏదంటే ఏం చెప్తానమ్మా! మూడు చేశాను. ఓటి పుస్తకంలో అతికించా. ఓటి నూలుకి కట్టా. నడిమి ముక్క బ్లీచింగ్ నీళ్ళలో వేశా. అసలు నీలిమందో, కంపెనీ రంగో తేల్చుకోవద్దూ?"

"దాని మీద తెల్లదారం ఉండాలి..."

"చాకలి దారవేగా? అది కంటికి అడ్డం, రంగు తెలియనివ్వదు. సూదితో పీకి పారేశా. ఎప్పుడూ చేసేదేగా, నువ్వే కదమ్మా గుర్తున్న మూల చూసి పంపుతావ్."

ఇదంతా తెలుగులో జరిగింది. అయినా నా వెంట వచ్చినాయనకు విడిగా చెప్పాల్సిన అవసరం రాలేదు. బాబాయ్ గారి చేతులు సూది పట్టుకున్నట్టు తిరగడం చూశాడు.

బాబాయ్ గారు పుస్తకం తెచ్చాడు. పేజీ మీద నీలం ముక్క అతికించి ఉంది. దాన్ని వెలుతురుకు వంచి చూస్తే, దారం పోయినా దారం జాడ పోలేదు. ఎండకు చుట్టూ వెలిసిన నీలంలో, కుట్టు కింద దాగిన చోట చుక్కలూ గీతలూ ముదురుగా ఉండిపోయాయి. నూలుకి కట్టిన ముక్కలోనూ అంతే. ఆయన ఆ రెండో ముక్క చూడగానే తన పేరు పట్టుకున్నాడు. వేలు పెట్టి చూపించాడు. అది చివర అన్నమాట.

నడిమి ముక్క గిన్నెలో తేలుతోంది. తీసి అరచేతిలో పరిచాడు. పాలిపోయిన పసుపు. సూది రంధ్రాలు కూడా మూసుకుపోయాయి.

"ఇంత పనయిందేంటమ్మా" అన్నాడు బాబాయ్ గారు సంగతి విని. "ఆ బాబుకి చెప్పమ్మా, నాకు తెలియదని చెప్పు." చెప్పాను. నాకూ తెలియదని మాత్రం ఆయనకు చెప్పుకోలేకపోయాను. అడగకుండా కత్తిరించింది తెలియక కాదుగా.

సోమవారం ఆయన బెంజ్ సర్కిల్ దగ్గర ఇంటర్నెట్ సెంటర్లో ఆ అక్షరాల పట్టిక అచ్చు తీయించుకుని వచ్చాడు. ఒక్కో ఊరివాళ్ళు ఒక్కో గుర్తును ఒక్కోలా పలుకుతారట, పట్టికలో కొన్ని వాళ్ళ వైపువి కావు. మంగళగిరి నుంచి తెచ్చుకున్న రెండు ముక్కలూ కౌంటర్ మీద పెట్టుకుని పట్టికతో పోల్చడం మొదలుపెట్టాడు. ఒక గుర్తు చూడగానే మాట ఊహించేసుకుంటున్నాడు. తనకు కావలసిన మాటే కనిపిస్తోంది. రెండుసార్లు రాసి కొట్టేశాడు. కాగితం నలిపేశాడు.

అప్పుడు నాకు బందరు పక్కింటావిడ గుర్తొచ్చింది.

"పట్టిక ఇటివ్వు. నేను చదువుతాను. నువ్వు కళ్ళు మూసుకుని విను."

"నీకు మా మాట రాదు కదా."

"రాదు కాబట్టే."

రంగుల తేడా పట్టడంలో నా కన్ను మంచిదే. ముదురు జాడల మీద వేలు జరుపుతూ చదివాను. రెండు చుక్కలు, వ. నిలువు గీత, న. మూడు చుక్కలు, క. హల్లులు మాత్రమే ఉన్నాయి. గుణింతం లేదు, మాటకీ మాటకీ ఎడం లేదు. నేను ఎక్కాలు అప్పజెబుతుంటే ఆయన పెదాలు కదిలిస్తూ, అచ్చులు చేర్చి వాటికి ఊపిరి పోశాడు.

"వా నెక్" అన్నాడు కళ్ళు తెరవకుండా. "ఇది నేను."

తర్వాతి నాలుగు గుర్తులు చదివితే వాళ్ళమ్మ పేరు. ఆ తర్వాతివి చదివితే "అంటున్నాను" అని. పాతకాలం నుంచీ వాళ్ళ రాతలన్నీ ఇలాగే మొదలవుతాయట. ఇది నేను, ఫలానాదాన్ని, అంటున్నాను. అక్కడితో ముక్క అయిపోయింది. రెండో ముక్కలో ఆయన పేరు. దాని ముందు ఒక సున్నా సగం ఉంది, మిగతా సగం బ్లీచింగ్ గిన్నెలో పోయింది.

అంటే ఎవరంటున్నారో ఉంది, ఎవరితో అంటున్నారో ఉంది. అన్నది మాత్రం లేదు.

ఆయన మూడు ముక్కలూ, ఆ తెల్లబడ్డదాంతో సహా, ఒక కవర్లో పెట్టుకున్నాడు. నేను ఏదో అనబోయాను. "వద్దక్కా" అన్నాడు.

తర్వాత కొన్ని శుక్రవారాలు ఆయన మసీదుకు వచ్చి కొట్టు ముందు నుంచే వెళ్ళాడు, లోపలికి రాలేదు. అద్దించిన గుడ్డ అలమారలో ఉండిపోయింది. ఆ సగం సున్నా నా కళ్ళ ముందే తిరిగేది. "పెళ్ళి చేసుకో" అనుంటుందా, "నీళ్ళు కాచి తాగు" అనుంటుందా, "తిరిగి రావద్దు" అనుంటుందా? ఏ తల్లయినా నాలుగు వేళ్ళ మేర ఏం కుడుతుంది? అమ్మీని అడుగుదామనుకుని, అడిగితే మాట ఎటు పోతుందోనని మానేశాను.

వానలు మొదలయ్యాక ఒకరోజు లోపలికి వచ్చాడు. ముఖం తేటగా ఉంది.

"మామయ్య ఫోను మోగిందక్కా. అమ్మ బతికే ఉంది. మామయ్య దగ్గరే ఉంది, మాట్లాడాను."

నేను స్టూలు ఆయన వైపు జరిపాను. "అడిగావా?"

"ముందు ఆవిడే అడిగింది, చదివావా అని."

"చెప్పావా, ఇలా జరిగిందని?"

ఆయన నా కత్తెర వైపు చూశాడు. "లైను తెగిపోతూ ఉంది. ఆవిడ సంతోషంగా ఉంది. చదివానన్నాను."

"అయ్యో, అదేంటి తమ్ముడూ! నోటితో చెప్పమని అడగాల్సింది కదా."

"అడిగాను. ఏదీ, నీ నోటితో ఒకసారి అనమ్మా అన్నాను. నవ్వింది. 'అన్నదాన్నే మళ్ళీ అనడమెందుకు, నీ తల మీదే ఉందిగా, చదువుకుంటూ ఉండు' అంది. ఇంతలో డబ్బులైపోయి లైను తెగింది."

అలమారలోంచి కొత్త గుడ్డ తీసి ఇచ్చాను. ఊరికే తీసుకోమంటే తీసుకోలేదు. మొదటి రోజు కుదిరిన ధరే కౌంటర్ మీద పెట్టాడు, ఒక రూపాయి తక్కువా కాదు, ఎక్కువా కాదు. ఆ డబ్బు తీసుకోవడం కంటే కష్టమైన అమ్మకం నేను చెయ్యలేదు. చదువయ్యాక వెళ్ళిపోయాడని హాస్టల్ వాళ్ళు చెప్పారు. ఇంటికి చేరాక ఆవిడ కొత్త తలపాగా మూల వెతికిందో లేదో, ఆయన ఏం చెప్పుకున్నాడో నాకు తెలియదు.

ఇప్పుడు చీర ముట్టుకునే ముందు "ముక్క కత్తిరించనా అండీ?" అని అడుగుతున్నాను. అబ్బా చెప్పింది నిజమే. పదిమందిలో తొమ్మిదిమంది వద్దంటున్నారు. రంగులు కుదరడం లేదు, గిరాకీ పక్క కొట్టుకు పోతోంది.

ఆయన డబ్బు ఇచ్చి వెళ్ళిన రోజు కూడా క్యారియర్ వచ్చింది. పైగిన్నె మూతకింద చీటీ ఉంది. విప్పి బల్ల మీద పెట్టుకుని, ట్యూషన్‌లో మిగిలిన అక్షరాలతో మొదటి మాట దాకా వెళ్ళాను. అది నా పేరు. ఆ తర్వాతిది అన్నం చల్లారేదాకా చూశాను.

సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టగానే అమ్మీ అడిగింది, "చీటీ చూశావా?"

చూశానన్నాను. ఇంకేదో చెబుతానేమోనని అమ్మీ ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, గిన్నెలు కడగడానికి లోపలికి వెళ్ళిపోయింది.